జీపులో ముందు సీటు

ఈమధ్య మదనపల్లె ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు శిక్షణ పెట్టి, నన్ను కూడా రమ్మని పిలిచారు. రిటైరైన డ్రైవరుకు శిక్షణలో ఏం పనో నాకు అర్థం కాలేదు. భోజనం బాగా పెడతారు కదా అని వెళ్ళాను. గోడకు పెద్ద చార్టు అంటించారు. దాని మీద ‘సంస్థల్లో స్త్రీవాద నాయకత్వం’ అని రంగు పెన్నులతో రాసి, కింద బోలెడు బాణాలు, సున్నాలు గీశారు. ఒక అమ్మాయి నా వైపు తిరిగి, “అంకుల్, మీరు ఇన్నేళ్ళు పనిచేశారు కదా, మీకు తెలిసినంతలో స్త్రీవాద నాయకత్వమంటే ఏంటి?” అని అడిగింది.

“జీపులో ముందు సీటు” అన్నాను.

అందరూ నవ్వారు. ముసలాయన జోకేశాడనుకున్నారు. నేను జోకులేసే మనిషిని కాను. జీపు డోరును దభీమని వేసేవాళ్ళన్నా, నేను చెప్పేది వినకముందే నవ్వేవాళ్ళన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. చెబుదామంటే ఇంతలో భోజనాలకు పిలిచారు. అందుకే ఆ పిల్లల కోసం తీరిగ్గా రాస్తున్నాను.

మా సంస్థ పెద్దదేం కాదు. మదనపల్లెలో హెడ్డాఫీసు, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి చిన్న ఆఫీసులు. మెట్ట పల్లెల్లో ఆడవాళ్ళ సంఘాలతో పని. గొర్రెలకు టీకాలు వేయించడం దగ్గర్నుంచి పొలం తగాదాల దాకా ఏది ముందుకొస్తే అది చేసేవాళ్ళం. సంఘాలన్నీ ఆడవాళ్ళవి, సంస్థలో నిర్ణయాలన్నీ మగవాళ్ళవి. ఇందులో వింతేదో ఉందని అప్పట్లో మాలో ఎవరికీ తోచలేదు, నాకైతే అసలే తోచలేదు.

సంస్థ పెట్టిన సారు దగ్గరే నేను చేరాను. చాలా మంచి మనిషి. పల్లెలో ఎవరు ఎదురొచ్చినా జీపు ఆపించి మంచీచెడ్డా అడిగేవారు. ముందు సీటులో కూర్చుని, కిటికీ మీద మోచెయ్యి ఆనించి, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండేవారు. వెనక ఎదురెదురు బల్లల మీద ఫీల్డు వర్కర్లు కూర్చునేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. సంచులు ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా తలలు పైకప్పుకు కొట్టుకుంటూ వచ్చేవాళ్ళు. వెనక బల్లకు ఒక మూల స్ప్రింగు తేలి ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్ళు ఇంటికి పోయి కాపడం పెట్టుకోవాల్సిందే.

పల్లెలో జీపు ఆగగానే జనం ముందు సీటులోంచి ఎవరు దిగారో చూసేవాళ్ళు. కుర్చీ ఆయనకు, టెంకాయ నీళ్ళు ఆయనకు, చెప్పుకునే మాటలన్నీ ఆయనకు. సారు మాట్లాడేవారు, ఆడవాళ్ళు తలలూపేవాళ్ళు. తిరుగు దారిలో “మీటింగు బాగా జరిగింది కదప్పా?” అని అడిగేవారు. “బ్రహ్మాండంగా జరిగింది సార్” అనేవాణ్ణి. మీటింగు జరిగినంతసేపూ నేను జీపు నీడలో నిద్రపోతూ ఉండేవాణ్ణి.

సారు వయసు మీద పడి తప్పుకున్నాక మేడం వచ్చారు. ఆమె బయటి మనిషి కాదు. మా సంస్థలోనే ఏళ్ళ తరబడి ఫీల్డు వర్కరుగా ఆ వెనక బల్ల మీద తిరిగిన మనిషి. ఆమెను డైరెక్టరు చేయమని చెప్పింది కూడా సారే. ఆడమనిషి కింద పనిచేయలేమని కొందరు వేరే దారి చూసుకున్నారు. నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. కానీ జీపును వదిలి పోలేకపోయాను. దాని క్లచ్చు మొండితనం నాకు తప్ప ఇంకెవరికీ లొంగేది కాదు.

మేడం మొదటిసారి ఫీల్డుకు బయలుదేరిన రోజు నేను ముందు సీటు తుడిచి, మీద కొత్త టవలు పరిచి, డోరు తెరిచి నిలబడ్డాను.

“ఈపొద్దు మీటింగు నడిపేది ఎవరప్పా?” అని అడిగారు.

“మీరే కదా మేడం.”

“నేను కాదు. గుర్రంకొండ సంఘాలు చూసుకునే ఆ అమ్మాయి. ముందు సీటు ఆ అమ్మాయిది.”

అని, సంచి తీసుకుని వెనక్కి పోయి, సరిగ్గా ఆ స్ప్రింగు మూలలో కూర్చున్నారు. గుర్రంకొండ అమ్మాయి కొత్త టవలు మీద కూర్చోలేక, దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుని, సీటు అంచున కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. 

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఏ మీటింగు ఎవరు నడుపుతారో వాళ్ళు ముందు సీటులో కూర్చోవాలి. డైరెక్టరైనా, బయటి నుంచి వచ్చిన అతిథైనా వెనక బల్ల మీదికే. ఒకరోజు ఉండబట్టలేక, “మీరు ఎనక కూకుంటే నాకు మర్యాదగా లేదు మేడం” అన్నాను.

“నా నడుము నొస్తే నీ మర్యాదకేం అప్పా?” అన్నారు మేడం. తర్వాత నవ్వి, “నేను ముందర దిగితే పల్లెలో అందురూ నాతోనే మాట్లాడతారు. ఆ అమ్మాయి నా సంచి మోసేదనుకుంటారు. ఇంగ నేను ల్యాకుండా ఆమె ఆ ఊరికి పోతే ఎవురన్నా ఇంటారా?” అన్నారు.

ఆమె మార్చినవి ఇంకా చాలా ఉన్నాయి. మీటింగులు ఆడవాళ్ళు డెయిరీలో పాలు పోసి వచ్చాకే పెట్టేవాళ్ళం. ఆఫీసులో టీ పెట్టే పని వంతులవారీగా అందరికీ వచ్చేది, నాకు కూడా. నా టీ తాగి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, రెండో గ్లాసు మాత్రం అడిగేవాళ్ళు కాదు. స్టాఫు మీటింగులో కొత్తగా చేరినవాళ్ళు ముందు మాట్లాడాలి, మేడం చివర. వీటన్నిటి కంటే నా కళ్ళ ముందు పనిచేసింది మాత్రం ముందు సీటే. సీటు అంచున కూర్చున్న ఆ గుర్రంకొండ అమ్మాయి కొన్నాళ్ళకు వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఇంకొన్నాళ్ళకు కిటికీ మీద మోచెయ్యి ఆనించింది. అది చూసిన రోజు సారు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కుప్పం ఆఫీసు.

కుప్పంలో ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయినప్పుడు మేడం ఒక అమ్మాయి పేరు చెప్పారు. మాది కురబలకోట, ఆ అమ్మాయిది కూడా ఆ పక్క పల్లే. గొర్రెలు కాసుకునే ఇల్లు, మదనపల్లెలో డిగ్రీ చదివింది. సన్నగా ఉండేది, తక్కువ మాట్లాడేది. బోర్డు వాళ్ళకు నచ్చలేదు. కుప్పమంటే ఒక పక్క తమిళం, ఒక పక్క కన్నడం, అడవి పక్కన ఏనుగులు, చిన్నపిల్ల ఏం నెగ్గుకొస్తుంది అన్నారు. చివరికి ఆరునెలలు చూద్దామన్నారు. గడువు ముగిసేటప్పుడు బోర్డు అధ్యక్షుడు స్వయంగా వచ్చి ఆమె నడిపే మీటింగు ఒకటి చూస్తారు, చూసి తేలుస్తారు. అధ్యక్షుడు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆ పోస్టుకు ఆయన మనసులో ఇంకొక రిటైరైన ఆఫీసరు ఉన్నాడని మాకందరికీ తెలుసు. మీటింగు బాగుంటే ఆఫీసు ఆ అమ్మాయిది. చెడితే ఆమె మళ్ళీ ఫీల్డు వర్కరు. ‘ఆడపిల్లలకు ఇస్తే ఇట్లాగే ఉంటుంది’ అనే మాట ఇంకో ఇరవై ఏళ్ళు మా ఆఫీసు గోడల మధ్య తిరుగుతుంది.

ఆయన చూడబోయే మీటింగు కూడా అల్లాటప్పాది కాదు. కుప్పం దగ్గర అడవిని ఆనుకుని ఉన్న ఒక పల్లెలో ఏనుగులు చేలమీద పడుతున్నాయి. తాకితే షాకు కొట్టే సోలారు కంచె వేయడానికి మా సంస్థ సామాను ఇస్తుంది, పని ఊరు చేసుకోవాలి. కంచె ఏ దారిన పోవాలో ఆ రోజు తేల్చాలి. ఊరి పెద్దలు వంకకు ఇవతల గట్టునే వేద్దామంటున్నారు. అది తిన్నగా పోతుంది, పని తక్కువ. కానీ వంకకు అవతల కొన్ని చిన్న చేలున్నాయి. అవి మొగుడు పోయినవాళ్ళవి, మొగుడు వదిలేసినవాళ్ళవి. కంచె ఇవతల వేస్తే ఆ చేలు ఏనుగుల వైపు ఉండిపోతాయి.

ఆ రోజు పొద్దున్నే మదనపల్లెలో మేడం వెనక ఎక్కారు. పుంగనూరులో అక్కడి ఇన్‌చార్జి ఎక్కింది. ఆమె భారీ మనిషి, నోరు కూడా అంతే భారీ. ముందు సీటు ఖాళీగా ఉన్నా ఇద్దరూ వెనకే కూర్చున్నారు, ఎందుకంటే మీటింగు కుప్పం అమ్మాయిది, ఆమె కుప్పంలో ఎక్కుతుంది. “ఖాళీ సీటును టిక్కెట్టు కొట్టించి తీసకపోతాండాం” అని పుంగనూరామె నవ్వుతూనే ఉంది. గంగవరం దాటి పలమనేరు చేరాం. అధ్యక్షుడు రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. జీపు ఆపాను. ఆయన ముందు సీటు ఖాళీగా ఉండటం చూసి, తన కోసమే ఉంచారనుకుని, డోరు తీసుకుని కూర్చున్నారు.

ఇందులో ఆయన తప్పేం లేదు. ఖాళీ సీటు చూస్తే ఎవరైనా అదే చేస్తారు. ఎవరూ చెప్పకపోవడం మా తప్పు. ఎవరు చెప్పాలో ముందుగా అనుకోనే లేదు. నాకు నాలుక దురద పెట్టింది. అద్దంలో మేడం వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

కుప్పం ఆఫీసు ముందు ఆగినప్పుడు ఆ అమ్మాయి బయటికొచ్చింది. ముందు సీటులో ఆయన్ని చూసింది. ఒక్క క్షణం ఆగి, నమస్కారం పెట్టి, వెనక్కి పోయి ఎక్కింది. గేరు వేయడంలో నా కోపం తెలిసే ఉంటుంది.

అనుకున్నంతా అయింది. పల్లెలో బడి ముందు షామియానా వేశారు. జీపు ఆగగానే జనం ముందు సీటులోంచి దిగిన మనిషిని చుట్టుకున్నారు. దండ వేశారు, కుర్చీ వేశారు. ఊరి పెద్ద ఒకాయన పక్క కుర్చీలో కూర్చుని, “సార్, వంకకి ఈ పక్కనే లైను ఏసుకుంటాము. అందురమూ ఒప్పుకున్నాము. తమరు ఊ అంటే రేపే మొదులుపెడతాము” అన్నాడు.

“అందరూ ఒప్పుకున్నాక ఇంకేముంది? మంచిదే” అన్నారు అధ్యక్షుడు.

అయిపోయింది. ఆ అమ్మాయి ఇంకా నోరే తెరవలేదు. వంక అవతలి చేల ఆడవాళ్ళు షామియానా నీడ కూడా అందని చోట నేల మీద కూర్చున్నారు. మేడం వాళ్ళ మధ్య, అందరికంటే వెనక కూర్చుని చీర కొంగుకున్న దారప్పోగు లాగుతున్నారు. పుంగనూరామె మోచేత్తో పొడుస్తోంది, అయినా తల ఎత్తరు. మేడం ఒక్క మాట అంటే సరిపోతుంది కదా, ఎందుకు అనరు అని నేను పళ్ళు నూరుకున్నాను. అప్పటికి నేను జీపు నీడలో నిద్రపోవడం మానేసి చాలా కాలమైంది.

ఆ అమ్మాయి లేచి నిలబడింది.

“సార్, మీటింగు ఈడ కాదు.”

అందరూ తిరిగి చూశారు. “మరెక్కడమ్మా?” అన్నారు అధ్యక్షుడు.

“లైను కాడ సార్. అందురూ ఒప్పుకున్నారంట గదా. ఆ లైను ఒగసారి కండ్లతో సూసి ఒప్పుకుందాము.” నా వైపు తిరిగి, “అన్నా, జీపు తియ్యి” అంది.

నేను అంత త్వరగా జీపు ఎప్పుడూ స్టార్టు చేసి ఉండను. అధ్యక్షుడు లేచి, అలవాటుగా ముందు డోరు దగ్గరికే వచ్చారు. పిడి మీద చెయ్యి కూడా వేశారు. ఇంతలో ఆ అమ్మాయి నేల మీద కూర్చున్నవాళ్ళలో ఒక అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వంక అవతల ఆఖరి చేను ఆ అవ్వది. నాలుగు గొర్రెలు, ఆ చేను, అంతే ఆమెకున్నది.

“అవ్వా, నువ్వు ముందర ఎక్కు.”

“నేనా? యాలమ్మే?”

“ఈపొద్దు మీటింగు నడిపేది నువ్వే.”

“మీటింగు నడిపేదంటే ఏం జేసేది?”

“నీ సేనుకాడికి దావ సూపియ్యి. అంతే.”

అధ్యక్షుడి చెయ్యి ఇంకా డోరు పిడి మీదే ఉంది. ఊరంతా చూస్తోంది. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. “సార్, మా కాడ ఒగ అలవాటుండాది. ఆపొద్దు మీటింగు ఎవురిదో వాళ్ళు ముందర కూకుంటారు. మీరు మాతో ఎనక రాండి, జరిగి కూకుంటాము” అంది.

నేను స్టీరింగు గట్టిగా పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ పద్ధతి, ఆ పిల్ల పోస్టు, రెండూ ఆ డోరు పిడి మీద ఉన్నాయని నాకు తెలుసు. ఆయన మేడం కోసం చూశారు. మేడం అప్పటికే వెనక ఎక్కి, పక్కన చోటు చూపించి, “రండి సార్” అంటున్నారు. ఆయన పిడి వదిలి వెనక్కి నడిచారు. ఎక్కి, మేడం చూపించిన మూలలో కూర్చున్నారు. రోజూ తాను కూర్చునే ఆ స్ప్రింగు మూలను మేడం ఆ రోజు ఎందుకు ఖాళీగా ఉంచారో నేను అడగలేదు. అడిగినా చెప్పి ఉండరు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఆ సీటు ఆ అమ్మాయిది. ‘సార్, ఇది నా సీటు’ అని అడిగి ఉంటే పద్ధతి ప్రకారం సరైన మాటే. కానీ అడగలేదు. తీసుకొచ్చి అవ్వకు ఇచ్చేసింది. ఆఫీసు చేతికి వస్తుందో రాదో తెలియని రోజున, ఉన్న ఒక్క సీటునూ ఇంకొకరికి ఇవ్వడానికి ఎంత గుండె కావాలో మీరే ఆలోచించుకోండి.

అవ్వ జన్మలో జీపు ముందు సీటు ఎక్కలేదు. రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుని, “నిమ్మళంగా పోప్పా, నిమ్మళంగా” అంటూనే ఉంది. ఎడమ పక్కకు పొమ్మంది, పోయాను. కుడి పక్క ముళ్ళకంపల సందులోకి పొమ్మంది, పోయాను. తర్వాత కిందికి దిగమంది. దిగితే వంక ఇసుకలో చక్రాలు కూరుకుపోయాయి.

“అవ్వా, ఇది జీపు పొయ్యే దావేనా?”

“నేనెప్పుడు జీపులో పోతిని నాయనా? నా గొర్రెలు ఇట్లనే పోతాయి.”

వెనక నుంచి పుంగనూరామె నవ్వు మొదలుపెట్టింది. అది అందరికీ అంటుకుంది. అధ్యక్షుడు కూడా నవ్వారో లేదో నాకు కనబడలేదు. దిగి నడవక తప్పలేదు. మోటారు సైకిళ్ళ మీద వెనకే వచ్చిన ఊరి పెద్దలు కూడా వాటిని అక్కడే వదిలి నడిచారు. వంక అవతలి చేల ఆడవాళ్ళు అడ్డదారిన నడిచొచ్చి కలిశారు. అధ్యక్షుడి మెరిసే బూట్లలోకి ఇసుక పోయింది. రెండుసార్లు ఆగి దులుపుకున్నారు.

వంక దాటితే అవ్వ చేను. రాగి పైరు మోకాలి ఎత్తు ఉంది. మధ్యలో ఏనుగులు తొక్కిన చోట నేల పళ్ళెంలా అణిగిపోయి ఉంది. గట్టు మీద నాలుగు కొయ్యలు పాతి కట్టుకున్న చిన్న పాక, దానికి వేలాడదీసిన పాత రేకు. షామియానా కింద ‘అందరమూ ఒప్పుకున్నాం’ అన్న పెద్దమనిషి నేల చూపులు చూశాడు.

ఆ అమ్మాయి అప్పుడు కూడా తాను ఉపన్యాసం ఇవ్వలేదు. “అవ్వా, చెప్పు” అంది.

“ఏం జెప్పేది? ఇప్పుడు ఊరంతా తిరిగి తింటాయి, నా వంతుకు కొంచిమే పోతాది. మీరు ఆ పక్కన కంచె కట్టుకుంటే ఇంగ వాటికి నా సేను ఒగటే గదా మిగిలేది?”

అధ్యక్షుడు అవ్వ దగ్గరికి వచ్చారు. “ఏనుగులొస్తే ఒక్కదానివే ఏం చేస్తావమ్మా?” అని అడిగారు.

“రేకు కొడతా సామీ. పోకపోతే ఏడస్తా.”

అవ్వ ఆ మాటను ఏ బాధా లేకుండా, టైమెంత అంటే చెప్పినట్టు చెప్పింది. ఆయన పోయి ఆ రేకును వేలితో తట్టి చూశారు.

ఊరి పెద్ద ఊరుకోలేదు. “అంతా సరే. వంక దాటిస్తే లైను పొడుగయితాది గదా. గుంతలు తవ్వేదెవురు? మగోళ్ళంతా పొద్దున లేస్తే బెంగుళూరు రైలెక్కి పనికి పోతాండారు” అన్నాడు. ఆ మాటలోనూ అబద్ధం లేదు.

“మేము తవ్వుతాము” అని వెనక నుంచి ఒకామె. “మేమే తవ్వుతాము” అని ఇంకొందరు.

“అన్నా, గుంతలు ఒగసారి తవ్వితే అయిపోతాది” అంది ఆ అమ్మాయి ఊరి పెద్దతో. “తీగ కింద గడ్డి పెరిగి తగిల్తే కరెంటు ఆగిపోతాది. నెలనెలా ఆ గడ్డి కోసేది ఎవురు? మగోళ్ళు ఊర్లో ఉండరని మీరే అంటిరి గదా.”

పెద్దాయన చుట్టూ చూశాడు. జవాబు చెప్పాల్సిన మగవాళ్ళు నిజంగానే ఊళ్ళో లేరు.

“మా సేండ్లు బయట పెడితే మేము కోసేది ల్యా” అంది అవ్వ. “మీ కంచె మీరే సూసుకోండి.” ఆడవాళ్ళంతా ఆమె పక్కకు జరిగి నిలబడ్డారు. ఇది అప్పటికప్పుడు పుట్టిన మాట కాదు. ఆ అమ్మాయి ఆరునెలలు వాళ్ళ పాకల్లో కూర్చుని, వాళ్ళలో వాళ్ళే అనుకునేలా చేసిన మాట. ఎదుటివాళ్ళ ముందు దాన్ని అనే ధైర్యం మాత్రం జీపు దిగిన తర్వాతే వచ్చింది.

అప్పుడు ఆ అమ్మాయి అందరినీ చేను గట్టు మీద గుండ్రంగా కూర్చోబెట్టి, వెనకాల నిలబడినవాళ్ళ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరి మాటా అడిగింది. పెద్దాయన వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఆయన, “సరే, గడ్డి మీరు కోసేటట్టయితే లైను దాటిచ్చండి” అన్నాడు. అధ్యక్షుడి వంతు చివర. “నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదమ్మా” అన్నారు. మేడం నోరు విప్పనే లేదు.

తిరిగొచ్చి జీపును ఇసుకలోంచి తోశారు. పెద్దలు, ఆడవాళ్ళు, మేడం, అధ్యక్షుడు అందరూ కలిసి తోశారు. దండ వేసుకున్న మనిషి జీపు తోయడం ఆ ఊళ్ళో అదే మొదటిసారి అయ్యుంటుంది. అవ్వను మాత్రం ఆ అమ్మాయి ముందే ఎక్కించి, దిగనివ్వలేదు. అవ్వ ముందు సీటులో కూర్చునే “తోయండప్పా, తోయండి” అని అందరికీ ఉత్సాహమిచ్చింది. అంత త్వరగా పెత్తనం అలవాటు చేసుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

అవ్వను ఇంటి దగ్గర, ఆ అమ్మాయిని కుప్పంలో దించాక ముందు సీటు మళ్ళీ ఖాళీ. అధ్యక్షుడు కిందికి దిగి దాని ముందు నిలబడ్డారు.

“మీటింగు అయిపోయింది కదా. ఇప్పుడు ఇది ఎవరిదమ్మా?” అని మేడంను అడిగారు.

తిరుగు ప్రయాణానికి మాకు పద్ధతేమీ లేదు. “నడుము ఎక్కువ నొచ్చేవాళ్ళది సార్” అన్నారు మేడం.

ఆయన పుంగనూరామెను ముందు కూర్చోమని చెప్పి, తాను వెనక ఎక్కారు. పలమనేరులో దిగేటప్పుడు నడుము మీద చెయ్యి వేసుకుని, “ఈ స్ప్రింగు మీద ఇన్నాళ్ళూ ఎట్లా కూర్చున్నారమ్మా?” అన్నారు. పుంగనూరామె తల బయటికి పెట్టి, “ఎవురన్నా అడిగితే గదా సార్ చెప్పేదానికి” అంది.

తర్వాత వారం బోర్డు నుంచి రెండు ఉత్తర్వులు వచ్చాయి. కుప్పం ఆఫీసుకు ఆ అమ్మాయే ఇన్‌చార్జి అని ఒకటి. జీపు వెనక బల్లకు కొత్త కుషన్ వేయించమని ఇంకొకటి. మా సంస్థ చరిత్రలో అంత మంచి ఉత్తర్వులు వేరే లేవని నా గట్టి నమ్మకం.

మీటింగు నాడు తిరుగు దారిలో, పుంగనూరు దాటాక మేడంను అడిగేశాను. “మీరు ఒగ మాట అనింటే సరిపోయేది గదా మేడం. ఆ పిల్ల పోస్టు పోయుంటే?”

“పలమనేరులోనే చెప్పింటే ఆయన ఎనక్కి వచ్చుండేవాడప్పా. కానీ ఆ సీటు నేనిచ్చినట్టు అవుతాది. రేపు నేను ల్యాకపోతే మళ్ళా పోతాది. నాకు భయం ల్యాకనా? నోరు మూసుకోని కూకునేదాని కన్నా కష్టమైన పని నేను ఇంతవరకూ చెయ్యలా.” కొంగు చివర చూపించారు. దారం లాగీ లాగీ అరచెయ్యంత మేర అంచు ఊడిపోయి ఉంది.

కుప్పం అమ్మాయిని కూడా ఒకసారి అడిగాను, నీ సీటు అవ్వకెందుకిచ్చావమ్మా అని. “మా నాయన మంద ఎనకాలే నడుస్తాడన్నా. ముందర నడిస్తే ఏది తప్పిపోయిందో తెలీదు గదా” అంది. కురబలకోట గొర్రెల మందలు నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. రోడ్డుకు అడ్డమొస్తాయని హారను కొట్టానే గానీ, కాపరి ఎక్కడ నడుస్తాడో ఏనాడూ గమనించలేదు.

ఆ కంచె ఇప్పటికీ నిలబడి ఉంది. ఏనుగులు రావడం మానలేదు. వచ్చి, నిలబడి, అడవిలోకి మళ్ళుతాయి. తీగ కింద గడ్డి మాత్రం పెరగదు, వంతుల ప్రకారం ఆడవాళ్ళు కోస్తారు. మేడం తనకింకా ఓపిక ఉండగానే, ఎవరూ అడగకుండానే డైరెక్టరు పని వదులుకున్నారు. ఇప్పుడు సంస్థను నడిపేది ఆ కుప్పం అమ్మాయే. అటువంటి ఇద్దరి కింద పనిచేశానని చెప్పుకోవడానికి నాకు ఎక్కడైనా గర్వమే. ఆడమనిషి కింద పనేమిటని ఆనాడు వెళ్ళిపోయినవాళ్ళు కనిపిస్తే ఇంకొంచెం గట్టిగా చెబుతాను.

నేను రిటైరైన రోజు సన్మానం అయ్యాక ఇంటికి బయలుదేరి, అలవాటుగా డ్రైవరు సీటు వైపు నడిచాను. అక్కడ ఆ అమ్మాయి కూర్చుని ఉంది. ఆమెకు జీపు నేర్పింది నేనే. పక్క డోరు తెరిచి, “ఎక్కన్నా. ఈపొద్దు మీటింగు నీది” అంది. వెనక కుషన్ మీద మేడం, పుంగనూరామె, గుర్రంకొండ అమ్మాయి ఇరుక్కుని కూర్చున్నారు.

ఆ జీపును అన్నేళ్ళు నడిపాను, ఆ సీటులో ఒక్కసారి కూర్చోలేదు. మొదట అంచునే కూర్చున్నాను. మదనపల్లె దాటాక కిటికీ మీద మోచెయ్యి ఆనించాను. కళ్ళు చెమ్మగిల్లితే అది గాలికేనని ఎవరికీ సర్ది చెప్పలేదు.

కురబలకోట దాకా ఆ అమ్మాయి ప్రతి మలుపులోనూ గేరు ఆలస్యంగానే వేసింది. క్లచ్చు మీంచి కాలు తీయనే లేదు. నా కుడికాలు బ్రేకు కోసం వెతుకుతూనే ఉంది, నాలుక చివర దాకా మాట వస్తూనే ఉంది. అద్దంలో మేడం నన్నే చూస్తున్నారు. నేను భుజం మీద సన్మానపు టవలు అంచు పట్టుకుని, దారం లాగుతూ, నోరు మూసుకుని కూర్చున్నాను.